తలుపు తీసిండా లేదా

చెప్పిన ధరకు ఏదన్న కొన్న పాపాన మా ఇంట్ల ఎవరూ పోలేదు. దవాఖానల డాక్టరు పది రోజుల మందులు రాస్తే మా అమ్మ ఏడు రోజులకు ఒప్పిచ్చుకొని వచ్చేది. నేను ఆమె బిడ్డనే. బడిల సారు యాభై గుంజీలు తియ్యమంటే, ముప్పైకి తెంపుకొని, ఆ ముప్పైట్ల కూడ ఐదు ఎగ్గొట్టిన రకం. అసొంటిదాన్ని ఒక ఎండకాలం మా నాయినకు ఇంగ్లీషు చెప్పనీకె కూసున్న. ఆడ కూడ బేరమే చేసిన. నా బతుకుల నేను బాగ గెలిచిన బేరం అదే, ఇప్పటిదాక అరగనిది కూడ అదే.

మాకు అచ్చంపేటల విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. తెలంగాణ వచ్చినంక కొన్నేండ్లకు ఒక కబురు వచ్చింది. పురుగుమందులు అమ్మేటోళ్లు దానికి తగ్గ చదువు చదివి ఉండాలె, లేకుంటే ఏడాది డిప్లొమా చెయ్యాలె, ఏదీ లేకుంటే లైసెన్సు పోతది. ఆ డిప్లొమాల చేరాల్నంటే పదో తరగతి పాసై ఉండాలె. మా నాయిన పదో తరగతిల ఇంగ్లీషు ఒక్కటి తప్పిండు. మళ్ల రాద్దాం, మళ్ల రాద్దాం అనుకుంటనే దుకాణం గద్దె మీద కూసున్నడు, అట్లనే యాభై దాటినయి. ఏ పురుగుకు ఏ మందో ఆకు చూసి చెప్పే మనిషికి, ఒక్క ఇంగ్లీషు అడ్డం పడ్డది.

ఓపెన్ స్కూల్ల పేరు రాయిచ్చుకున్నడు. తెలుగు, లెక్కలు, సాంఘికం ఫికర్ లేదు. నేను డిగ్రీ రెండో ఏడు పరీక్షలు రాసి ఇంటికి వచ్చిన. మొదటిరోజే పుస్తకం నా ముందర పెట్టిండు.

"బిడ్డా, ఇది మొత్తం సదువుదాం. సదివితే సమజ్ కావాలె నాకు. కంపెనీ కాయిదాలొస్తయి, ఒక్క ముక్క ఎరుక కాదు. ఎవరెవరినో బతిమాలుకుంట."

"నాయినా, నీకు పాసు కావాల్నా, ఇంగ్లీషు రావాల్నా? రెండూ ఒక్క సరుకు కాదు."

"రెండూ కావాలె."

"నెల రోజులల్ల రెండూ రావు. ఒకటి చెప్పు."

ఆయన జర సేపు పుస్తకం అట్ట నిమిరిండు. "లైసెన్సు పోతే తిండి పోతది. పాసే కానియ్యి," అన్నడు. తర్వాత అమ్మే మనిషి అలవాటు కొద్ది కొసరు అడిగిండు: "పాసైనంక రెండోది నేర్పుతవా?"

"నేర్పుత," అన్న. కొసరు ఒప్పుకొనుడుల మనకు ఏం పోతది?

వందకు ముప్పై ఐదు వస్తే పాసు. ఇంకేం కావాలె నాకు! చెప్పిన ధరల మూడో వంతుకు తెగే బేరం జన్మల దొరకలేదు. నేను పుస్తకాన్ని గోదాం లెక్కన చూసిన: ఏది అమ్ముడు పోయే మాలు, ఏది పోని మాలు. పాత పరీక్ష కాయిదాలు ముందలేసుకొని, పోని మాలునంత పెన్సిలుతోటి కొట్టేసిన. పద్యాలు ఔట్. పొడుగు ప్రశ్నలు ఔట్. గ్రామర్ల ఖాళీలు పూరించేటియి ఉంచిన. ఉత్తరం ఒక్కటే: జ్వరం వచ్చింది, రెండు రోజులు సెలవు ఇయ్యమని హెడ్మాస్టరుకు. ఆ ఉత్తరాన్ని మా నాయిన మీసాలు దువ్వుకుంట బట్టీ పడుతుంటే మా అమ్మ లోపలికెల్లి, "జ్వరమొచ్చిందా నాయినా, పాలల్ల పసుపు వేసియ్యాల్నా?" అని ఆట పట్టిచ్చేది.

ఎండకాలం దుకాణంల గిరాకి ఉండది. మా పలక స్టాకు బోర్డు. మాసొంటి దుకాణాల ముందర నల్లబోర్డు ఒకటి తప్పనిసరి ఉండాలె. ఏ మందు ఎంత ఉంది, ఏ విత్తనం ఎంత ఉంది, దినాం సున్నంబలపంతోటి రాయాలె. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ముందుగాల ఆ బోర్డు చూస్తడు, తర్వాత గోదాంలకు పోయి చూస్తడు. బోర్డు మీద ఉండి లోపట లేకపోతే ఆ దుకాణందారు పని అయిపోయినట్టే. మా నాయిన ఆ బోర్డును మధ్యల గీత గీసి రెండు చేసిండు. ఎడమ దిక్కు స్టాకు, కుడి దిక్కు ఇంగ్లీషు.

పత్తి రైతు ఒకాయన వచ్చి బోర్డు ముందర నిలబడి, "సేటూ, ఇదేం కొత్త మందే? పేరు నోరు తిరుగుతలేదు," అన్నడు.

"అది నాకు కొడుతున్న మందు," అన్నడు నాయిన. "నీకు కాదు, పో."

"గీ వయసుల పురుగు చస్తదా?"

"ఏమో, డోసు మా బిడ్డ చూసుకుంటాంది."

చూసుకున్న, చాన బాగ చూసుకున్న. చదివి జవాబులు రాసే పేరాలకు నేను ఒక ఉపాయం చెప్పిన. "ప్రశ్నల ఉన్న మాటను పేరల వెతుకు. దొరికిన కాడ ఆ వాక్యం మొత్తం చూసి రాయి. అర్థంతోటి పని లేదు." ఆయన నమ్మలేదు. పది ప్రశ్నలు అట్లనే చేపిచ్చిన. ఏడు సరిగ్గ వచ్చినయి. నాకు సంబురం. ఆయన మాత్రం ఆ ఏడింటిని చూసుకుంట, "ఏం రాసిన్నో నాకే తెల్వది గదనే," అన్నడు.

ఆ పుస్తకంల ఒక కథ ఉండె. మంచు పడే ఏదో దేశంల ఒక ముసలి దుకాణందారు. సాయంత్రం తలుపులు మూసుకుంటాండు. అప్పుడు ఎవరో తలుపు కొడ్తరు. అసొంటి గాలిల, ఆ ఊరికి ఎవరూ రాని కాలంల, ఎవరయి ఉంటరు? ముసలాయన గొళ్లెం మీద చెయ్యి పెట్టి నిలబడ్డడు. మొదటి రెండు పేరలు అంత వరకు. పాత పరీక్షలల్ల ప్రశ్నలు వచ్చింది ఆ రెండు పేరలకెల్లే. అందుకే నేను ఆడనే గీత కొట్టిన.

"తర్వాత?" అన్నడు నాయిన.

"తర్వాత లేదు."

"పేజీలు కనబడుతున్నయి గద. తలుపు తీసిండా లేదా?"

"నాయినా, దాంట్లకెల్లి ప్రశ్న రాదు."

"ప్రశ్న రాకుంటేంది, దుకాణం మూసినంక గిరాకి వచ్చిండు. తియ్యాల్నా వద్దా? నాకైతే ఎన్నిసార్లయిందో అట్ల."

"పరీక్ష అయినంక చెప్త."

దినాం అడిగేటోడు. గ్రామర్ ఖాళీలు నింపుకుంట నింపుకుంట మధ్యల తలకాయ లేపి, "తలుపు?" అనేటోడు. నేను నవ్వి, "ముందు ముప్పై ఐదు తే," అనేదాన్ని. గిరాకిని ఆశపెట్టి నిలబెట్టుడు నాకు చిన్నప్పటిసంది వచ్చు.

పరీక్ష రాసిండు. ముప్పై ఎనిమిది వచ్చినయి. ఇంట్ల పాయసం. మూడు మార్కులు ఎక్కువ ఎందుకు కట్టినవని నేనే ఎక్కిరిచ్చిన. తర్వాత ఏడాది డిప్లొమా అయింది, అది తెలుగుల్నే చెప్పిన్రు. లైసెన్సు నిలబడ్డది.

డిప్లొమాకు ముందు, పాసైన ఆ ఎండకాలమే, నా సెలవులు అయిపోయే ముందర కల్వకుర్తి దిక్కు మందుల దుకాణందారు ఒకాయన మా ఇంటికి వచ్చిండు. ఆయనకూ అదే కష్టం, పదిల ఇంగ్లీషు. "గీతలు కొట్టిన పుస్తకం ఉందట గద, ఏది చదవాల్నో ఏది వద్దో," అన్నడు. నాయిన అప్పుడు ఇంట్ల లేడు. నేను ఆ పుస్తకం కొత్త దాని ధరకే అడిగిన. గీతలకు కూడ రేటు కట్టిన. ఇయ్యనన్నట్టు లోపట పెట్టుకొని, మళ్ల తెచ్చి, చివరికి ముప్పావు ధరకు తెంపిన.

ఇచ్చేముందర పుస్తకం దులిపిన. దాంట్ల ఒక బిల్లు చీటీ ఉండె, గురుతుకు పెట్టినట్టు. అది ఆ కథల ఉండె. నేను కొట్టిన గీత దగ్గర కాదు, గీత దాటి రెండు పేజీలు అవుతల. ఆ పేజీలల్ల ప్రతి వాక్యం కింద పెన్సిలు చుక్కలు ఉండె. ఎరుక లేని ఒక్కొక్క మాట కింద ఒక్కొక్క చుక్క. ఎన్ని చుక్కలో! నాకు చెప్పకుండ, నన్ను అడగకుండ, మా నాయిన ఒక్కడే అంత దూరం నడిచిండు. ఇంకొక పేజీ నడిస్తే కథ అయిపోతుండె.

చూసిన. సమజ్ కూడ అయింది. చీటీ తీసి గల్లపెట్టెల వేసి, పుస్తకం ఆయన చేతిల పెట్టిన.

వచ్చినంక నాయిన అడిగిండు. "పుస్తకమేది?"

"అమ్మిన."

"ఎంతకు?"

చెప్పిన. "మంచి బేరమే," అన్నడు.

పెండ్లయి పాలమూరు వచ్చిన. మాకు ఇక్కడ బట్టల దుకాణం. ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు, నేను ఆడికి పోయినప్పుడు, ఫోన్ల మందుల ముచ్చట అయినంక, ఎప్పుడన్న ఒకసారి, "బిడ్డా, ఆ తలుపు?" అంటుండె. నేను "తీరికగ చెప్త నాయినా" అంటుంటి. కల్వకుర్తి ఆయనను అడిగిచ్చిన, ఆ పుస్తకం ఎవరికో ఇచ్చిండట. తర్వాత పాఠాలు మారినయి. ఎవరి దగ్గరా ఆ కథ దొరకలేదు.

మొన్న వానకాలానికి ముందు అచ్చంపేట పోయిన. షుగరు తోటి నాయిన కండ్లు మసకబారినయి. చిన్న అక్షరాలు ఆగుతలేవు. స్టాకు బోర్డు నేను రాస్తున్న, ఆయన ఎనక కుర్చీల కూసొని నోటితోటి చెప్తుండు. ఇప్పుడు బోర్డు మధ్యల గీత లేదు.

"ఇప్పుడన్న చెప్పు," అన్నడు. "తలుపు తీసిండా లేదా?"

తీసిండు అంటే అయిపోయేది. ఒక్క మాటతోటి తెగే బేరం, నోటిదాక వచ్చింది. ఆ మబ్బు కండ్లు బోర్డు మీద కాదు, నా మీద ఉన్నయి.

"నాకు తెల్వది నాయినా. నేను చదవలే."

"ఒక్కసారి గూడ?"

"ప్రశ్నలు వచ్చే రెండు పేరలే చదివిన."

ఆయన చిన్నగ నవ్విండు. "ఇన్నేండ్లు నీ దగ్గర ఉంది, ఇస్తలేవనుకున్న. బోర్డు మీద ఉండె గని గోదాంల లేదన్నమాట."

నేను బలపం కింద పెట్టిన.

"నేను చదువుకుంట పోయిన కాడిదాక గొళ్లెం మీదనే చెయ్యి ఉండె," అన్నడు. తనకు తాను చెప్పుకున్నట్టు. "లోపట పొయ్యి ఎలుగుతుండె. అంతే సమజ్ అయింది నాకు."

తర్వాత బోర్డు దిక్కు తిరిగి అడిగిండు: "యూరియా ఎన్ని బస్తాలు రాసినవ్?"

"నువ్వు చెప్పినన్ని."

"నేను చెప్పింది నిన్నటిది. లోపటికి పోయి చూసి రాయి."

పోయి చూసిన. బోర్డు మీద రాసినదానికి రెండు బస్తాలు తక్కువ ఉన్నయి.