నెత్తిన టవలు పెట్టి తీసిన ఎక్స్‌రే

ఈ రోజు మెడనొప్పితో రామక్క మా ఎక్స్‌రే గదికి వచ్చింది. పుంగనూరు ఆమె, మదనపల్లె మండీలో టమోటా గంపలు మోస్తుంది. పుర్రెకూ మెడ పైఎముకకూ మధ్య సందు కొలవాలి. తల వెనక్కి వాల్చితే అది మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. ఆమె వాలుస్తూనే ఉంది. రెండు ఫిల్ములు దండగయ్యాయి.

“తల నేరుగా పెట్టమ్మా!” అని విసుక్కున్నాను.

“నెత్తిన బరువు లేకుంటే యాడ నిలస్తాదప్పా?”

గంప కింద పెట్టుకునే చుట్టలా నా టవలు చుట్టి ఆమె నెత్తిన పెట్టాను. మెడ గుంజలా నిలిచింది. ఈసారి కొలిస్తే సందు సరిగ్గానే ఉంది. అయినా నెల రోజులు గంప ఎత్తొద్దన్నాడు డాక్టరు.

“అట్లే సార్” అని, టవలు నెత్తినే ఉంచుకుని మండీ వైపు నడిచింది.

టవలు అడగాలా, డాక్టరు మాట గుర్తుచేయాలా? మీరైతే ఏమనేవారు?