వామి కింది బోరు

మా చిన్నాయన జీవితంలో ఆడిన అబద్ధాలు చాలానే ఉండొచ్చు గానీ, ప్రభుత్వం నమ్మింది మాత్రం ఒక్కటే.

రెండువేల సంవత్సరం దాటాక, కడప జిల్లాలో మా ఊరి పక్కన యురేనియం గని వస్తుందన్న మాట పుట్టింది. నేను అప్పుడు కడపలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. అందుచేత యురేనియం గురించి నాకంతా తెలుసని మా ఊరివాళ్ల నమ్మకం. నాకు తెలిసింది పాఠ్యపుస్తకంలోని అరపేజీ. అది కూడా పరీక్షకు రాదని వదిలేసేవాళ్లం.

ఒకరోజు పేపర్లో ప్రకటన వచ్చింది. గనిమీద ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది, నివేదిక కడపలో ఫలానా ఆఫీసులో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు, అభ్యంతరాలుంటే నెల లోపల రాసివ్వవచ్చు. చిన్నాయన ఆ ముక్క చించి జేబులో పెట్టుకుని, రెండు బస్సులు మారి నా దగ్గరికొచ్చాడు.

"గని వద్దని చెప్పేదానికి రాలేదప్పా. మనం వద్దంటే నిలబెడతారా? రాయి నూరినాక మిగిలే బురదకు చెరువు కడతారంట కదా. అది మన చేనికి ఎంత దూరమో, మన బోరు సంగతి ఏం రాసినారో చూడు. ఆ నీళ్లే తాగుతాండాం. అది చాలు నాకు."

నివేదిక నిజంగానే అందరికీ అందుబాటులో ఉంది. బీరువాలో ఉంది. తాళంచెవి ఉన్న ఆయన సెలవులో ఉన్నాడు. నాలుగో రోజుకు ఆయన వచ్చాడు, బీరువా తెరిచాడు. జిరాక్సు తీసుకోవచ్చా అని అడిగాను.

"చూసుకోవచ్చు అని వేసినారు సార్. తీసుకోవచ్చని వేయలేదు కదా," అన్నాడు.

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అక్కడే స్టూలు మీద కూర్చుని చదివాను. ముందు తెలుగు సారాంశం చదివితే, ఇంగ్లీషు నివేదికే సులువనిపించింది. అలా చదవడం మొదలుపెట్టిన మూడో సాయంత్రానికి ఒక పటం దొరికింది. బురద చెరువు ఉంది. దానికి కూతవేటు దూరంలో మా చేను ఉంది. చేను మీద రాసింది ఇంతే: మెట్టభూమి, నీటి వసతి లేదు.

చిన్నాయన ఆ రోజు మళ్లీ ఊరినుంచి వచ్చి, బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మన బోరు లేదు చిన్నాయనా అందులో."

"లేకపోవడమేంది? పొద్దున నీళ్లు పట్టిచ్చే వచ్చినా."

"పోయిన ఎండాకాలం గని సర్వేవాళ్లు ఊరంతా తిరిగి, అడిగి రాసుకున్నారట."

ఆయన అడిగాడు, "తెల్ల జీపా?"

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. ఊళ్లో సగం బోర్లకు కరెంటు కనెక్షన్ లేదు. తీగకు కొక్కెం తగిలించి మోటారు నడిపేవాళ్లు. ఊరి మలుపులో జీపు కనబడితే ముందు చూసినవాడు ఈల వేయాలి. ఈల వినగానే కొక్కేలు దిగిపోతాయి, మోటార్లు ఆగిపోతాయి, స్టార్టరు డబ్బాలు గడ్డిలోకి పోతాయి. చిన్నాయన ఈ విద్యలో అందరికన్నా ఒక మెట్టు పైన. శనక్కట్టె వామిని, అంటే ఎండిన వేరుశనగ కట్టె కుప్పను, ఆయన సరిగ్గా బోరు మీదే వేశాడు. పైపు కూడా కనబడదు.

ఆ రోజు తెల్ల జీపులో వచ్చినవాళ్లు ఫైలు పట్టుకుని చేలోకే వచ్చి, "బోరు ఉందా?" అని అడిగారు.

"యాడిది సార్? వాన పడితే పంట, లేకుంటే తంటా," అన్నాడు చిన్నాయన. దాహమేస్తుందంటే వాళ్లకు ఆ బోరు నీళ్లే చెంబుతో ఇచ్చాడు. వాళ్లు తాగి, రాసుకుని పోయారు.

"కరెంటోళ్లు అనుకున్యా రా," అన్నాడు మెట్ల మీద. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అభ్యంతరం నేనే రాశాను. ఆ ఆఫీసులోనే ఇస్తే గుమాస్తా చదివి, బోరు ఉన్నట్టు ఆధారం ఏదని అడిగాడు. కరెంటు బిల్లు అయినా చాలన్నాడు. ముద్ర వేశాడు గానీ, ఆధారం జతపరచలేదని పక్కన రాసుకున్నాడు. మిగిలింది ప్రజాభిప్రాయ సభలో చిన్నాయన నిలబడి చెప్పడమే.

ఆ సంగతి తెలిసి సభకు ముందురోజు ఊరివాళ్లు చిన్నాయన ఇంటికొచ్చారు. "నువ్వు నిజం చెప్తే మా కొక్కేలు గూడా బయటపడతాయి కదప్పా. నీ ఒక్కని నీళ్ల కోసం ఊరందరినీ పట్టిస్తావా?" అని ఒకాయన అడిగాడు. చిన్నాయన పిన్నమ్మ వైపు చూశాడు.

"అబద్ధమాడేటప్పుడు నన్ను అడిగినావా? నిజం చెప్పేదానికి అడుగుతాండావు," అంది ఆమె.

సభకు షామియానా వేశారు. మజ్జిగ ప్యాకెట్లు పంచారు. వచ్చిన జనం కంటే పోలీసులు కాస్త ఎక్కువ, అంతే. చిన్నాయన వంతు వచ్చేసరికి పైన కూర్చున్నవాళ్లు గడియారాలు చూసుకుంటున్నారు. ఆయన మైకును గొంతు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"అయ్యా, నాకు బోరుండాది. లేదని చెప్పినా. కరెంటోళ్లనుకొని చెప్పినా. దాన్ని రాసుకోండి."

జనం నవ్వారు. పెద్ద అధికారి కూడా నవ్వాడు.

"అంటే అప్పుడు చెప్పింది అబద్ధం."

"అవునయ్యా."

"ఇప్పుడు చెప్పేది నిజమని ఎలా నమ్మాలి?"

"వచ్చి తాగి చూడండయ్యా. పోయినసారి గూడా తాగినారు."

నవ్వు పెరిగింది. అందులో మా ఊరివాళ్ల నవ్వు కొంచెం తక్కువ. తర్వాతి పేరు పిలిచారు.

ప్రజాస్వామ్యం పని చేయదని అనను. వారం తిరగకుండా కరెంటోళ్లు వచ్చారు. చిన్నాయన వామి చుట్టూ తిరిగి, తీగ కోసుకుని, నోటీసు ఇచ్చి పోయారు. మిగతా కొక్కేలూ ఊడాయి. ఏడాదిపాటు ఊళ్లో ఎవరూ ఆయనను పెళ్లికి పిలవలేదు.

కొన్ని నెలలకు సభ వివరాలు అచ్చయి అదే బీరువాలోకి చేరాయి. చిన్నాయన గురించి రెండు వాక్యాలున్నాయి. ఒక రైతు వ్యవసాయ విద్యుత్ కనెక్షన్ గురించి ప్రస్తావించారు. సంబంధిత శాఖను సంప్రదించవలసిందిగా సూచించడమైనది.

సంప్రదించాడు. తిరిగి తిరిగి కనెక్షన్ తెచ్చుకున్నాడు. మొదటి బిల్లు రాగానే మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుని కడపకు తెచ్చాడు. ఇద్దరం ఆఫీసుకు పోయాం. గుమాస్తా బిల్లును వెలుతురుకు పట్టి చూశాడు.

"సర్వే తర్వాత తేదీ ఉంది. అంటే ఈ బోరు సర్వే అయినాక వేసినారు."

"ముందు నుంచీ ఉండాది సార్. సభలో చెప్పినా కదా."

"సభలో మీరు కరెంటు గురించి మాట్లాడినట్టుంది," అన్నాడు, సభ వివరాల కాగితం తిప్పి చూపిస్తూ.

గని వచ్చింది. చెరువూ వచ్చింది. నీళ్లు పరీక్షించడానికి అప్పుడప్పుడూ బండి వస్తుంది. జాబితాలో ఉన్న బావుల దగ్గర ఆగి సీసాలు నింపుకుని పోతుంది. చిన్నాయన ఒకసారి తానే సీసా నింపి దారికి అడ్డంగా నిలబడ్డాడు. వాళ్లు మర్యాదగానే జాబితా చూపించారు. ఆ నీళ్లలో ఏముందని ఆయన నన్ను అడిగాడు. కెమిస్ట్రీ చదివినవాణ్ణి కదా. నాకు తెలియదని చెప్పాను.

వామి తీసేశారు. ఇప్పుడు జీపు చప్పుడు వినబడితే చాలు, చిన్నాయన పరుగెత్తి మోటారు వేస్తాడు. దారి మీద నుంచి చూస్తే కనబడేలా నీళ్లు పడుతుంటాయి. పక్కనే నిలబడి ఉంటాడు.

కరెంటు ఉంటే.