ప్రార్థన వేళ మూసిన గేటు

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: ప్రార్థన మధ్యలో ఒక కన్ను తెరిచి, గేటు బయట నిలబడ్డ మనిషిని చూసి, మళ్ళీ కన్ను మూసుకున్నాను.

ఆబిడ్స్‌లో మా చర్చి పక్కనున్న పాత హాల్లో, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ళను పగటిపూట చూసుకుంటాం. పొద్దున తొమ్మిదింటికి ఇంట్లోవాళ్ళు తెచ్చి దించిపోతారు, సాయంత్రం వచ్చి తీసుకుపోతారు. డబ్బు తీసుకోం. ఏ మతం వాళ్ళయినా రావచ్చు. మధ్యాహ్నం అన్నం, పప్పు. చిక్కుడుకాయలు ఒలవడం, పాత పాటలు పాడుకోవడం, హాల్లోనే నాలుగు చుట్లు నడవడం. తొమ్మిదిన్నరకు చిన్న ప్రార్థన ఉంటుంది. ఆ పావుగంట గేటు తియ్యకూడదన్న నియమం నేనే పెట్టాను. గేటు తీస్తే పెద్దవాళ్ళు లేచి బయటికి నడుస్తారని అందరికీ చెప్పాను. అది నిజమే. ప్రార్థన నడిపించేది నేను, మధ్యలో ఎవరైనా కదిలితే నాకు నచ్చేది కాదు. అదీ నిజమే.

గేటు బయట నిలబడ్డది నాంపల్లి నుంచి అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే కోడలు. ఆ వారంలో ఆలస్యంగా రావడం అది మూడోసారి. సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణంలో ఆమెకు పని. పదింటికల్లా అక్కడుండాలి. భర్త లారీ మీద పోతే పది రోజులకు గాని తిరిగి రాడు. ఇవన్నీ నాకు తెలుసు. అయినా, ఆలస్యమైతే ఏమవుతుందో ఒక్కసారి తెలిసిరానీ అనుకున్నాను. ఆమె గేటు కడ్డీని మెల్లగా రెండుసార్లు తట్టింది. నేను ప్రార్థనను ఇంకాస్త పొడిగించాను. ఆమేన్ అని చూస్తే గేటు దగ్గర ఎవరూ లేరు.

వంట చేసే ఆమె చేతులు తుడుచుకుంటూ నా దగ్గరకు వచ్చింది.

"నాంపల్లామె చానసేపు నిలవడ్డది సార్. మీరు చూసిన్రు గదా?"

"ప్రార్థన నడుస్తుండె గదమ్మా."

"ఔ, నడిచింది. ఇయ్యాల జర ఎక్కువనే నడిచింది." పొయ్యి వైపు తిరిగి, "గా ముసలమ్మను ఇప్పుడు ఎవలు చూస్తరో మరి," అంది.

కోడలికి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. దుకాణంలో పనిచేసే ఆడవాళ్ళ ఫోన్లు సేటు గల్లా దగ్గర పెట్టించుకుంటాడని ఆమే ఒకసారి చెప్పింది. పదకొండు దాకా ఎలాగో ఓర్చుకుని, రిజిస్టర్‌లో చిరునామా చూసుకుని బయలుదేరాను.

నాంపల్లి స్టేషన్ వెనక సందులో, మూడో అంతస్తులో, ఒక్క గది. తలుపుకు బయటి నుంచి తాళం. లోపలి నుంచి ఎవరో తలుపు కొడుతున్నారు. గట్టిగా కాదు, ఆగకుండా, ఒకే తీరుగా. వరండాలోకి ఉన్న చిన్న కిటికీ కడ్డీల వెనక ముసలామె ముఖం కనిపించింది.

"తాళం తియ్," అంది.

"చాబీ నా దగ్గర లేదమ్మా."

"చాబీ లేకుంట ఎందుకొచ్చినవ్?"

దుకాణానికి పోయి చాబీ తెద్దామని వెనక్కి తిరిగాను. మెట్ల దాకా పోయానో లేదో, ఈసారి చెయ్యి కాదు, నుదురు తలుపుకు తగులుతున్న చప్పుడు వినిపించింది. పరుగున వచ్చి కిటికీ కింద కూర్చుంటే ఆగింది. కాసేపటికి లేస్తే మళ్ళీ మొదలైంది. మూడోసారి నేను లేవలేదు. పిలుద్దామంటే పక్క గదులకూ తాళాలే, అందరూ పనులకు పోయారు. హాల్లోవాళ్ళకు ఫోన్ చేద్దామంటే, అక్కడి పెద్దవాళ్ళను వదిలి రావడం వాళ్ళకు కుదరదు.

"నాట్లు పడుతున్నయి," అంది ఆమె. "నేను పోకుంటె నా జాగల ఇంకోదాన్ని వెడ్తరు."

"ఇయ్యాల నాట్లు లేవమ్మా."

"నీకేం ఎరుక? నీ చేతులు చూడు. ఎన్నడన్న బురదల వెట్టినవా?"

మళ్ళీ తాళం తియ్యమనేది. మళ్ళీ నాట్లు. నేను మళ్ళీ అదే జవాబు.

మా అమ్మకు కూడా చివర్లో ఇదే జబ్బు. మూడేళ్ళు మంచి చెడ్డలన్నీ నా భార్యే చూసింది. నాకు ఆఫీసు, ఆ తరువాత సంఘం మీటింగులు. "ఆదివారం ఒక్క రెండు గంటలు మీరు కూర్చోండి, నేను చర్చికి పోయొస్తా," అని ఆమె ఒకసారి అడిగింది. ఆ రోజు బైబిల్ వాక్యం చదివేది నేనని చెప్పి వెళ్ళిపోయాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఇప్పుడు ఈ సేవ చేస్తున్నందుకు అందరూ నన్ను మెచ్చుకుంటారు. ఆ వరండాలో రెండు గంటలకే నా కాళ్ళు తిమ్మిరెక్కాయి, నోరెండిపోయినా నీళ్ళకు లేవలేకపోయాను. నా భార్య మూడేళ్ళు అలా కూర్చుంది.

ఒకటిన్నరకు కోడలు మెట్లెక్కి వచ్చింది. అన్నం వేళకు దొరికిన అరగంటలో ఉరికొచ్చింది.

"సార్? మీరేంది గీడ?"

"పొద్దున గేటు తియ్యలే గదమ్మా. అందుకొచ్చిన."

"అయ్యో, మీరు ప్రార్థనల ఉంటిరి, కండ్లు మూసుకొని ఉన్నరు. తప్పు నాదే సార్. అత్తమ్మ చెప్పులు బియ్యం డబ్బల దాచింది. దేవులాడేసరికి లేటయింది."

బయటపడే దారి ఆమే చూపించింది. ఔ అంటే చాలు, సంగతి అక్కడితో ముగిసిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

"లేదు బిడ్డా. నిన్ను చూసిన. చూసే మూసుకున్న."

తాళంలో పెట్టిన చాబీని ఆమె తిప్పలేదు. తలుపు వైపే చూస్తూ మాట్లాడింది.

"ఈమెను తోలుకొచ్చి, తాళమేసి పోయేసరికి పదిన్నర దాటింది. ఇంకొక్కపారి గిట్లయితే రావద్దన్నడు సేటు. తాళమేసేటప్పుడు నా చెయ్యి వట్టుకున్నది సార్. ఇడిపిచ్చుకొని పోయిన."

తలుపు తెరిచింది. ముసలామె నుదురు ఎర్రగా కమిలి ఉంది. కోడలు తడిగుడ్డ అద్ది, రెండు ముద్దలు తినిపించింది. తినిపిస్తున్నంతసేపూ ఆమె కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి.

"నువ్వు దుకాణానికి పో. నేను హాలుకు తోల్కపోత," అన్నాను.

"గేటు తీస్తరా సార్ ఇప్పుడు?"

"తీస్త."

ముసలామెను హాల్లో వంటామెకు అప్పగించి, నేరుగా సుల్తాన్ బజార్ వెళ్ళాను. పొద్దున ఆలస్యానికి కారణం నేనని సేటుకు చెప్పాను. చీరలు మడతపెడుతున్న ఆడవాళ్ళంతా చేతులాపి చూశారు. ఆయన, "సరే, రేపటి నుంచి టైముకు పంపుండ్రి," అన్నాడు. సాయంత్రం హాల్లో నాతో పనిచేసేవాళ్ళందరి ముందు జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ నియమం తీసేశాను. ఇంటికి పోయి నా భార్యకు చెబితే, "ఇప్పటికైనా తెలిసిందా?" అని మాత్రం అంది.

మర్నాటి నుంచి ఎనిమిదిన్నరకు నేనే నాంపల్లి వెళ్తున్నాను. కోడలు నేరుగా పనికి పోతుంది. పావుగంట దారి మాకు ముప్పావు గంట పడుతుంది. ముసలామె ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతాను. మేం చేరేసరికి ఒక్కోరోజు ప్రార్థన సగం అయిపోతుంది. దాన్ని నడిపించే పని వేరేవాళ్ళకు అప్పగించాను.