మైసమ్మ ముందు మొండికేసిన యాట

మా అత్త లెక్కలో మనుషులు రెండే రకాలు. ముక్క తినేవాళ్ళు, జ్వరమొచ్చి తినలేనివాళ్ళు. ఏ జ్వరమూ లేకుండా ముక్క మానేసిన నన్ను ఎటు కూర్చోబెట్టాలో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

మాది అచ్చంపేట దగ్గర ఒక ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. పొద్దున్నే పిల్లలకూ గర్భిణులకూ గుడ్లు ఉడకబెట్టి, పెంకు ఒలిచి, ఉప్పు చల్లి చేతిలో పెట్టి, ఇంటికొచ్చి నేను గుడ్డు ముట్టను అని కూర్చునే మనిషిని. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. పిల్లల పళ్ళెంలోంచి గుడ్డు తీసేసే హక్కు నాకు లేదు. నా పళ్ళెంలో వేసుకోను, అంతవరకే.

ఇదంతా తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మొదలైంది. మా బర్రె ఈనింది, పదిరోజులకు దూడ చచ్చిపోయింది. దూడ మూతి పెట్టకపోతే బర్రె పాలు చేపదు. అందుకని మా ఆయన ఆ దూడ తోలులోనే గడ్డి కుక్కించి, కాళ్ళకు కట్టెలు పెట్టించి, బర్రె ముందు నిలబెట్టాడు. మా దిక్కు ఎప్పటినుంచో చేస్తున్న పనే. బర్రె దాన్ని నాకింది, పాలిచ్చింది. ఆ పాలతో నేను చాయ పెట్టుకుని తాగాను. రెండో రోజూ తాగాను. మూడో రోజు అది ఆ గడ్డిదూడ చెవి నాకుతూ, అది కదలడం లేదని మూతితో పొడుస్తుంటే చూశాను. నాకు ఏడుపు ఆగలేదు. గ్లాసు గోడ మీద పెట్టేశాను. మా ఆయన వచ్చి చూసి, చాయ చల్లారిందనుకుని ఇంకోటి పెట్టుకొమ్మన్నాడు.

అలా పాలు పోయాయి. నెల తిరిగేసరికి ముక్కా గుడ్డూ కూడా తినబుద్ధి కాలేదు. దీనికి వీగన్ అనే పేరుందని మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్న మా బిడ్డ ఫోన్లో చూసి చెప్పింది.

“పేరున్న రోగమేనా,” అంది మా అత్త, కొంచెం నెమ్మదించి. “మరి మందున్నదా దీనికి?”

మొదటి ఏడాది నేను చాలా భరించరాని మనిషిని. ఎవరు కనబడితే వాళ్ళకు బర్రె కథ చెప్పేదాన్ని. ఒక దావత్‌లో విస్తరి ముందు కూర్చున్నవాళ్ళకు కూడా చెప్పాను. నా పక్కనామె చేయి కడుక్కుని లేచిపోయింది. నా మాటకు ఇంత బలముందా అని మురిసిపోయాను. కాసేపటికి చూస్తే ఆమె అవతలి బంతిలో కూర్చుని, తీరుబడిగా బొక్క చీకుతోంది. నా నుంచి దూరంగా తినడానికి లేచిందన్నమాట.

ఆ రోజుతో నోరు మూసుకున్నాను. వండి పెట్టడం మాత్రం మానలేదు. పుంటికూర పప్పు, పల్లీలు నూరి పోసిన వంకాయ, నువ్వుల పొడి, సజ్జరొట్టె. ఇందులో నేను కనిపెట్టిందేమీ లేదు. మా అవ్వ ఏడాదికి రెండు మూడు పండుగలప్పుడు తప్ప ముక్క మొహం చూసింది కాదు. మిగతా రోజులన్నీ ఆమె తిన్నదే నేను తింటున్నాను. ఆమెను ఎవరూ వీగన్ అనలేదు, పేదది అన్నారు. పల్లీల పాలలో పచ్చిమిరప తొడిమెలు వేసి పెరుగు తోడుపెట్టడం ఒక్కటే నేను కొత్తగా నేర్చుకున్నది. మొదట్లో అది గోడకు పూయడానికే పనికొచ్చింది. కుదిరిన రోజు మా అత్త మజ్జిగనుకుని చెంబెడు తాగి, “బర్రె పల్లిచెక్క మస్తు తిన్నట్టుంది,” అంది. నిజం చెప్పాక నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంత బాగా సాగుతుండగా నాకు పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. చుట్టాలందరూ ఒకే మాట అన్నారు: ఆకులు తిని తిని రాళ్ళు పుట్టినయి. ఆకుల్లోంచి రాళ్ళెలా పుడతాయని అడిగే ఓపిక నాకు లేదు. ఒక రాయి జారి గొట్టంలో అడ్డుపడింది. ఒళ్ళంతా పసుపుపచ్చగా అయిపోయింది. మహబూబ్‌నగర్ దవాఖానలో నాలుగు రోజులు నాకు సోయి లేదు. బతుకుతానో లేదో చెప్పలేమన్నారట. ఆ నాలుగు రోజులూ మా అత్త వరండాలో చాప పరుచుకుని అక్కడే ఉందని తర్వాత మా బిడ్డ చెప్పింది.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఒక మేకపోతు కట్టేసి ఉంది. నల్లది, చెవుల కొసలు తెల్లవి, నన్ను చూసినా లేవలేదు.

“ఇదేంది అత్తా?”

“యాట. నువ్వు బతికి ఇల్లు జేరితె మైసమ్మకు యాటనిస్తనని మొక్కిన. ఇంక జర పెరగాలె. ఆషాఢమెల్లినంక కోద్దాం.”

నా ప్రాణానికి బదులు దాని ప్రాణం. అదీ నా పేరు మీద. కుట్లు లాగుతున్నాయి కాబట్టి అరవలేదు గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. కొబ్బరికాయ కొడదామన్నాను.

“కొబ్బరికాయకు బతికితివా నువ్వు?”

గుమ్మడికాయ కొడదామన్నాను.

“మైసమ్మ ఏమన్న నీ అంగన్‌వాడీ పిల్లనా, పెట్టింది తిననీకె?”

మా ఆయనను బతిమాలాను. ఆయన ఎప్పటిలాగే ఎవరి పక్కా మాట్లాడకుండా పొలానికి పోయాడు. ఆ యాటను అడవి దిక్కు తోలేద్దామని కూడా ఒక పూట ఆలోచించాను. నల్లమల పక్కనే ఉంది, చిరుతలు మైసమ్మకన్నా ముందే పని కానిచ్చేవి.

చేసేదిలేక దాన్ని సాకాను. వట్టి సాకుడు కాదు. పోతుమేక కంపు ఎరిగినవాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు, ఎరగనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. వాకిట్లో కూర్చుని అన్నం తినలేకపోయేవాళ్ళం. అందుకని పొద్దున్నే చెంబుతో దాని వీపు మీద నీళ్ళు పోసి తోమేదాన్ని. మొదట్లో నన్ను కుమ్మింది. తర్వాత అలవాటుపడింది. నీళ్ళు పోశాక చెవుల వెనక గోకితే కళ్ళు మూసుకుని నిలబడి, ఆఖర్న ఒళ్ళంతా ఒక్క విదిలింపు విదిలించేది. నా చీర సగం తడిసిపోయేది. అరుగు మీద కూర్చున్న మా అత్త ఇది రోజూ చూసేది, “దానికే తానం, మొగుడికి లేదు,” అని సణిగేది.

ఆషాఢం వెళ్ళాక ఒక ఆదివారం ఊరి బయట మైసమ్మ దగ్గరికి పోయాం. హుజూర్‌నగర్ నుంచి మా ఆడబిడ్డ, ఆమె మొగుడు వచ్చారు. ఆయన పొద్దున చాయ కూడా తాగలేదు, మధ్యాహ్నం కూరకు కడుపులో జాగా ఉండాలని. వంటకు పొయ్యి తవ్వారు, మసాలా నూరారు, డప్పులు మోగుతున్నాయి. అన్నీ తయారు, యాట ఒప్పుకోవడమే తరువాయి.

ఒప్పుకోవడం అంటే నిజంగా ఒప్పుకోవడమే. మా దిక్కు యాటను ఊరికే కోయరు. పసుపునీళ్ళు వీపు మీద చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మవారు సరేనన్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తకూడదు. చల్లటి నీళ్ళు పడితే ఏ మేకైనా విదిలిస్తుంది కాబట్టి ఈ ఏర్పాటు ఎవరికీ పెద్దగా ఇబ్బంది కలిగించలేదు.

మా యాట విదిలించలేదు.

పూజ చేసే పెద్దమనిషి మూడుసార్లు నీళ్ళు చల్లాడు. డప్పులకూ జనానికీ బెదిరి అది కొయ్యబారిపోయింది. మా ఆయన చల్లాడు, లేదు. మా ఆడబిడ్డ మొగుడు ఏకంగా బకెట్ ఎత్తి కుమ్మరించాడు. నీళ్ళు కారిపోయాయి, అది అలాగే నిలబడింది. రోజూ స్నానం చేసే మేకకు నీళ్ళంటే లెక్కేముంది. చెవిలో ఊదారు. వేపమండతో తట్టారు. “తప్పుంటె మన్నించు తల్లీ,” అని అందరూ దండాలు పెట్టారు. గంట గడిచింది. నాకు లోపల్లోపల నవ్వొస్తోంది, ఆశ పుడుతోంది. ఇక ఇంటికి తోలుకుపోవచ్చనుకున్నాను.

అప్పుడు ఆ పెద్దమనిషి అడిగాడు. “ఎవరి పేరు మీద మొక్కిండ్రు? ఆ మనిషితోని పోయించున్రి.”

అందరూ నా వైపు తిరిగారు. మా ఆయన చెంబు తెచ్చి నా చేతిలో పెట్టాడు. యాట నన్ను చూసి తాడు లాక్కుని నా మోకాలి దగ్గరికొచ్చి నిలబడింది. తల కొంచెం వంచి, చెవి నా చేతికి అందేట్టు పెట్టింది.

నేను పోసి చెవుల వెనక గోకితే విదిలిస్తుంది. ఆ సంగతి అక్కడ నాకు తెలుసు, మా అత్తకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు. భయమేసింది. ఇంతమంది ముందు, అమ్మవారి ముందు, నన్ను బతికించినందుకు చేస్తున్న మొక్కును నేనే కాదంటే ఏమవుతుందో అని నిజంగానే భయమేసింది. దేవతల మీద జోకులు వేసే నాలుక ఎక్కడికి పోయిందో తెలియదు.

చెంబు కింద పెట్టేశాను. “నేను పొయ్య,” అన్నాను.

“గదేం మాట చెల్లె,” అన్నాడు మా ఆడబిడ్డ మొగుడు. “నీ కోసమేనాయె గిదంత. జరన్ని నీళ్ళు పొయ్యనీకె ఏమైతది?”

“పోస్తే ఇదిలిస్తది అన్నా. గందుకే పొయ్య.”

డప్పులు ఆగిపోయాయి. మా ఆయన తల దించుకున్నాడు. నన్ను తిట్టాల్సింది మా అత్త, అందరూ ఆమె నోటికోసం ఎదురుచూశారు. ఆమె లేచి వచ్చి, కింద పెట్టిన చెంబు తీసుకుంది. యాట మీద పోస్తుందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను. పోయలేదు. మైసమ్మ రాయి దగ్గరికి పోయి, కూలబడి, ఆ నీళ్ళు రాయి మీద పోసి, తల ఆనించి చాలాసేపు ఏదో మాట్లాడింది. ఎవరికీ వినబడలేదు. లేచి వచ్చి, “ఇడిసిపెట్టున్రి దాన్ని,” అంది. “నాకూ తల్లికీ మాటైంది.”

యాట బతికింది. నా గొప్ప చెప్పుకునే ముందు ఇంకో సంగతి కూడా చెప్పాలి. అంతమంది ఆకలితో ఉన్నారు, మసాలా నూరి ఉంది. ఊళ్ళోంచి కోళ్ళు తెప్పించారు. వాటి మీద ఎవరూ పసుపునీళ్ళు చల్లలేదు, వాటి ఇష్టం ఎవరూ అడగలేదు. పొయ్యి వైపు వీపు చేసి కూర్చున్నాను నేను.

ఆ రోజు బంతిలో మా అత్త ముక్క వద్దని చారుతో తిన్నది. నా మీద కోపమనుకున్నాను. మరుసటి ఆదివారం పక్కింటివాళ్ళు తలకాయ కూర పంపితే మూత కూడా తీయకుండా వెనక్కి పంపింది. ఆ తర్వాత దసరాకూ ముట్టలేదు. నా వంటే తింటోంది, రోజూ తిడుతూ తింటోంది. “నోరు సచ్చిపోయిందే నాకు,” అంటుంది. “గా గడ్డీగాదం ఇంకింత ఎయ్యి.”

చెప్పొద్దూ, నేను పొంగిపోయాను. ఒక్క మాట చెప్పకుండా, వండి పెట్టి, చేసి చూపించి, ఊళ్ళోకెల్లా పెద్ద ముక్కలరాణిని మార్చేశాననుకున్నాను. అంగన్‌వాడీలో గర్భిణుల ముందు గుడ్లు ఒలుస్తూ ఈ విజయగాథ చెప్పేదాన్ని. విడిచిపెట్టిన యాట ఊరంతా తిరుగుతూ, నా అక్షరాల చార్టు సగం తినేసి, మునుపటికి పదింతలు కంపు కొడుతూ ఆ కథకు సాక్ష్యంగా గుమ్మంలో పడుకునేది.

మొన్న ఎండాకాలం మా ఆడబిడ్డ బిడ్డ పెళ్ళికి హుజూర్‌నగర్ పోయాం. బంతిలో నేనూ మా అత్తా పక్కపక్కన కూర్చున్నాం. వడ్డించే ఆయన అడగకుండానే ఆమె విస్తరిలో బోటి కూర గరిటెడు వేసిపోయాడు. బోటి అంటే ఆమెకు ప్రాణం. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. గొంతు కదలడం నాకు కనబడింది. తర్వాత వేలితో దాన్ని విస్తరి అంచుకు నెట్టేసింది.

ఆమె వయసు డెబ్బై దాటింది. నాకు జాలేసింది. “అత్తా, నా కోసం మానకు,” అన్నాను, చాలా పెద్దమనసుతో. “మేకల మీద దయ నాకుంటే చాలు. నీకు తినాలనుంటే తిను.”

ఆమె నన్ను వింతగా చూసింది. “మేకలా? నీ మేకలతోని నాకేం పని?” అంది. “ఆ దినం తల్లికి జెప్పిన. నా కోడలు యాటనియ్యనిస్తలేదు, ఎర్రిది, దాని మీద కోపం జెయ్యకు. యాటకు బదులు నా నోరు కట్టేసుకుంట, సచ్చేదాంక ముక్క ముట్ట, దాని పానం జోలికి పోకు అని.”

ఇన్నాళ్ళూ నా వంట గొప్పతనమనుకున్నాను. నేను మేక ప్రాణం చూసుకున్నాను, ఆమె నా ప్రాణం చూసుకుంది. రోజూ నన్ను తిడుతూ, రోజూ నా కోసం ఆ మొక్కు చెల్లిస్తూ వచ్చింది. సిగ్గేసింది. కళ్ళనీళ్ళు విస్తరిలో పడకుండా తల పక్కకు తిప్పుకున్నాను.

“అత్తా, ఇన్నేండ్లాయె. గండం ఎప్పుడో పోయింది. నేను మంచిగున్న గద, ఇంక తిను.”

“మంచిగున్నవ్ గద,” అంది ఆమె. “గందుకే తింటలేను. గా పప్పాయనను జర ఇటు పిలువు.”