సగం గురుదక్షిణ

ఆ రోజుల్లో తార్నాకలో మెట్రో ఇంకా స్తంభాల దశలోనే ఉండేది. నా ఎమ్మే చదువూ దాదాపు అంతే, కాకపోతే అది స్తంభించిపోయింది. ఎకనామిక్స్ మొదటి సెమిస్టర్లో స్టాటిస్టిక్స్ పేపరు తప్పి, దాన్ని రెండో ఏడాదిలోకి మోసుకొచ్చాను. సరిగ్గా అప్పుడే మా యూనివర్సిటీ వారికి బోధన మెరుగుపడాలని, ఏ విద్యార్థీ వెనకబడకూడదని ఒక పథకం తట్టింది. తడబడుతున్న జూనియర్లకు సీనియర్లు రోజూ సాయంత్రం ఒక గంట పాఠం చెప్పాలి. అలా చెప్పేవాళ్లు ‘మెంటర్లు’. మా స్టాటిస్టిక్స్ మేడం చదివిన జాబితాలో నా పేరుంది! పొరపాటు జరిగిందని చెప్పడానికి లేచాను కూడా. ఇంతలో చప్పట్లు మోగాయి (సంగతి తెలిసిన స్నేహితులే అందరికంటే గట్టిగా కొట్టారు). వాటిని వృథా చేయడం ఇష్టంలేక కూర్చుండిపోయాను.

లాలాపేటలో మా ఇంటికెళ్లి చెబితే, బడిపంతులైన మా నాన్న (గుంటూరు వదిలి ముప్పై ఏళ్లయినా గుంటూరు ఆయన్ని వదల్లేదు) “ఏవిట్రా, నువ్వు పాఠం చెబుతావా? యూనివర్సిటీలోనా?” అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆదివారం ఆరాధన ముగిసేసరికి చర్చిలో సగం మందికి నేను లెక్చరర్నైపోయాను. పేపరు తప్పిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక దాన్ని గట్టెక్కక తప్పదు, అదీ చప్పుడు కాకుండా.

నా వంతుకు వచ్చిన ఐదుగురిలో సిద్దిపేట వైపు అమ్మాయి ఒకతె ఉండేది. ఎప్పుడూ అడుగుతూనే ఉండేది కనుక ‘ప్రశ్నపత్రం’ అని పేరు పెట్టుకున్నాను. మొదటి రోజే మొదలుపెట్టింది. “అన్నా, సగటు తీసేటప్పుడు మొత్తం మందితోటి భాగిస్తిమి. గీడ వేరియన్స్ కాడనేమో ఒకటి తగ్గించి భాగిస్తున్నం. ఆ ఒక్కడు ఏడికి వోయిండు?”

“అది సూత్రం. గుర్తుపెట్టుకో.”

“పెట్టుకుంట గానీ, ఎందుకు?”

ఆ ‘ఎందుకు’ దగ్గరే నేను నిరుడు మునిగింది. “రేపు చెప్తా” అని, మర్నాడు మేడం గదికెళ్లి నేర్చుకుని, సాయంత్రం పుట్టుకతోనే తెలిసినట్టు చెప్పాను. (సగటు ఖాయమయ్యాక చివరివాడికి స్వేచ్ఛ ఉండదు. మిగతావాళ్లు తేల్చినట్టే పడి ఉండాలి, అచ్చం మా ఇంట్లో నాలాగ.) సెమిస్టరంతా ఇదే వరస. ఆమె అడిగేది, నేను ‘రేపు’ అనేవాణ్ణి, మేడం విసుక్కోకుండా చెప్పేవారు.

పరీక్ష రోజు వచ్చింది. పాత పేపర్లు మిగిలినవాళ్లకూ జూనియర్లకూ ఒకటే హాలు. గంట కొట్టే సమయానికి తల వంచుకుని దూరాను. ప్రశ్నపత్రం కంటే ముందే, నా పక్క బల్ల మీద ‘ప్రశ్నపత్రం’ సిద్ధంగా ఉంది.

“అన్నా! మమ్మల్ని చూసిపోనీకి వచ్చినవా?”

హాల్ టికెట్ తీసి బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది, నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది. తీరా చూస్తే మూడో ప్రశ్న, ఆ ఒక్కడు ఎక్కడికి పోయాడన్నదే! నేను రాస్తున్నంతసేపూ చెవిలో ఆమె గొంతే.

బయటికి రాగానే పట్టుకుంది. “నిజం చెప్పన్నా. ఇన్ని దినాలు మాకు చెప్పినవా, నువ్వు నేర్చుకున్నవా?”

“రెండూ.”

“గట్లయితే గురుదక్షిణ సగమే ఇస్త” అని తార్నాక హోటల్లో వన్ బై టూ చాయ్ చెప్పింది.

ఐదుగురూ పాసయ్యారు. ఆరోవాణ్ణి నేను. ఆమెకు నాకంటే పదకొండు మార్కులు ఎక్కువ (ఇది చెప్పుకోవడంలో నాకున్న గర్వం ఆమెకు కూడా ఉండదు). మేడం దగ్గరికెళ్లి నిజం ఒప్పుకుంటే, “నిరుడు నీ పేపరు దిద్దింది నేనే కదయ్యా! ఎక్కడ కాలు జారుతదో పడ్డోనికే ఎరుక” అన్నారు. నాన్న మాత్రం మార్కుల మెమోలో నిరుటి పేపరు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, “చర్చిలో చెప్పమాకు” అన్నారు.

ఇప్పుడు అదే శాఖలో నిజంగానే లెక్చరర్ని, ఆ పథకం నా చేతికొచ్చింది. మొన్న జాబితా చదివాక ఒకమ్మాయి నా గది తలుపు దగ్గర నసుగుతూ నిలబడింది. “సార్, ఏదో మిస్టేక్ అయినట్టున్నది. నాకు ఆ పేపరే మిగిలున్నది.”

“తెలుసమ్మా, కూర్చో” అన్నాను. చప్పట్లకు మురిసి కూర్చుండిపోయిన ఆ కుర్రాడికంటే ఈ పిల్ల ఎంతో నయం అనుకుంటూ, క్యాంటీన్‌కు ఫోన్ చేసి వన్ బై టూ చాయ్ చెప్పాను.