నా చేతికి గింజలు పట్టించిన పిన్నిగారు

పొద్దున్నే వరండాలో కుట్టుమిషను తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది. పక్కింటి పిన్నిగారి అమ్మాయి, చింతలపూడి నుంచి. "అక్కా, అమ్మ పోయింది" అంది. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో కూర్చున్నట్టే వెళ్లిపోయారట. కొన్నాళ్లు కూతురి దగ్గర ఉండి వస్తానని వెళ్లిన మనిషి.

మా ఆయన లోపల్నుంచి వచ్చి "ఎవరు?" అన్నారు. "పిన్నిగారు" అన్నాను. ఆయనకు అర్థమైంది. ఇద్దరం ప్రహరీ అవతలికి చూస్తూ నిలబడిపోయాం. బీరపాదు నిండా పసుప్పచ్చటి పూలు. వాటికి ఇంకా సంగతి తెలీదు.

ఆవిడ మాకు చుట్టం కాదు. నూజివీడులో ఈ వీధికి అద్దెకొచ్చిన కొత్తలో ఏమని పిలవాలో తెలీక "పిన్నిగారూ" అన్నాను. అదే నిలిచిపోయింది. ఆ లెక్కన ఆవిడ భర్త బాబాయిగారయ్యారు. ముసునూరు దారిలో వాళ్లకు మామిడితోట ఉంది. మా ఊళ్లో ఏ నలుగురు కలిసినా మాట పూత దగ్గర మొదలై పిందె మీదుగా గాలివాన దగ్గర ఆగుతుంది. పంటంటే మామిడే. మిగతావన్నీ కూరలు.

అలాంటి ఇంట్లో పిన్నిగారు కూరలు పండించారు. ఇంటి పక్కన పొడుగ్గా, ఇరుగ్గా ఉండే పెరడు. అడుగు పగిలిన మామిడికాయల ట్రేలలో మట్టి నింపి తోటకూర, పాలకూర. పాత రంగుడబ్బాల్లో మిరపమొక్కలు. గోడ మీదికి చిక్కుడు, పందిరి మీదికి బీర, ఆనప. గేటు దగ్గర్నుంచి గుమ్మం దాకా మాత్రం పూలే. కనకాంబరాలు, ముద్దబంతి, చలికాలంలో డిసెంబరాలు, అటూ ఇటూ రంగురంగుల క్రోటన్లు. "కూరల మధ్యన ఈ పూలెందుకు పిన్నిగారూ?" అని ఒకసారి అడిగితే, "పువ్వుంటే తేనెటీగ వచ్చుద్ది. వచ్చింది ఊరికే పోద్దా? పక్కనే ఉన్న ఆనపపువ్వు మీద కూడా వాలి పోద్ది. ఇంటికి పెద్దమనుషులొస్తే పక్కింటాళ్లని కూడా పలకరించి వెళ్తారు చూడు, అలాగ" అన్నారు.

బాబాయిగారు ఆటపట్టించేవారు. "నాలుగు వంకాయలు కాయించి మా ఆవిడ రైతైపోయిందమ్మా!"

పిన్నిగారు ఊరుకునేవారు కాదు. "మీ మామిడి ఏడాదికోసారి వచ్చే చుట్టం. నా వంకాయ రోజూ ఇంట్లో మసిలే మనిషి. ఎవరు కావాలో చెప్పండి, ఆ వంటే చేస్తా."

ఆయన గుత్తివంకాయే అడిగేవారు.

అన్నీ పండేవని కాదు. ఒక ఏడాది ఎండలు ముదురుతుంటే కాలీఫ్లవర్ నాటారు. వద్దన్న వాళ్లందరికీ "చూద్దాం" అని జవాబు. ఆకులు చేటలంత పెరిగాయి, పువ్వు మాత్రం రాలేదు. ఆకులన్నీ కోసి ఎదురింటి గేదెకు వేశారు. ఆ సాయంత్రం గోడ దగ్గరికొచ్చి, "అమ్మాయ్, ఎదురింటి గేదె కాలీఫ్లవర్ బావుందంది" అని కబురు చెప్పారు. ఆవిడ ఓడిపోయే తీరే అంత. మందారానికి పిండినల్లి పురుగు పడితే మాత్రం ఓటమి ఒప్పుకునేవారు కాదు. పాత టూత్ బ్రష్షు, సబ్బునీళ్లు పట్టుకుని పీట వేసుకు కూర్చుని, పిల్లకి తల దువ్వినట్టు కొమ్మకొమ్మా తోమేవారు.

ఇక నా సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆవిడ గురించి సగమే చెప్పినట్టు.

నేను జాకెట్లు కుడతాను. మా వీధికే కాదు, బస్టాండు అవతలి వాళ్లకీ నేనే కుట్టేదాన్ని. నలభై దాటిన కొత్తలో ఒకరోజు గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర చేతిలోంచి జారింది. తీసుకుందామంటే కుడిచెయ్యి నా మాట వినలేదు. బీపీ పెరిగి పక్షవాతం వచ్చింది. విజయవాడ ఆస్పత్రిలో ఉండొచ్చాక మాట తేటపడింది, కాలు కూడదీసుకుంది. కుడిచేతి వేళ్లు మాత్రం ఎవరివో అన్నట్టు ఉండిపోయాయి. రబ్బరు బంతి పిసకమన్నారు. కొన్నాళ్లు పిసికాను. తర్వాత అది మంచం కిందికి దొర్లితే తీసుకోలేదు. కుట్టకుండా మిగిలిన గుడ్డలన్నీ మా ఆయన తిరిగి ఇచ్చేసి వచ్చారు. మిషను మీద పాత దుప్పటి కప్పించాను. వచ్చిన వాళ్లందరూ నా మొహం చూడకుండా చెయ్యే చూసి "అయ్యో" అనేవాళ్లు. వరండాలోకి రావడమే మానేశాను.

పిన్నిగారు "అయ్యో" అనలేదు. ఒక ఉదయం గోడ అవతల్నుంచి కేకేశారు.

"అమ్మాయ్, ఖాళీగానే ఉన్నావుగా! ఆనపగింజలు పెట్టాలి. నా కళ్లకి పొరలు కమ్మి గుంటేదో గట్టేదో తెలీటం లేదు. ఒక్కసారి రా."

నాకు ఒళ్లు మండింది. "నా చెయ్యి సంగతి మీకు తెలీదా పిన్నిగారూ?"

"నీ చేతితో నాకేం పని? గింజ గుంటలో పడాలి, అంతే."

ఆ మాటకు కోపం వచ్చే వెళ్లాను. రెండు మాటలు అనేసి వద్దామనే వెళ్లాను. ఆవిడ గింజలున్న గిన్నె నా ముందు పెట్టి, పీట లాగి కూర్చోబెట్టారు. అలవాటుగా ఎడమచెయ్యి చాపితే గిన్నె కుడివైపు జరిపారు. ఆనపగింజ పెద్దది, పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. అయినా వేళ్ల మధ్య నిలవలేదు. పడిపోయింది. మళ్లీ తీశాను. మళ్లీ పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూశారా, పడిపోతోంది" అన్నాను.

"పడితే పడనీవే. అది పడాల్సింది నేలమీదేగా!" అన్నారు పిన్నిగారు.

నవ్వొచ్చింది. ఏడుస్తూనే నవ్వాను. ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వని మా ఆయన తర్వాత చెప్పారు. గోడ ఇవతల్నుంచి విన్నారట.

ఆ గింజల్లో కొన్ని గుంటల్లో పడ్డాయి, కొన్ని నడిచే దారిలో పడ్డాయి. దారిలో పడ్డవాటిలో ఒకటి మొలిచింది. పీకేద్దామంటే పిన్నిగారు ఒప్పుకోలేదు. దాని పక్కన కర్ర పాతి పందిరి మీదికి మళ్లించారు. ఆ సీజనంతా ఆ ఇంట్లో అందరూ ఆ పాదును చుట్టుకుని నడిచారు. బాబాయిగారు రెండుసార్లు కాలు తట్టుకుని పడబోయారు కూడా. మొదటి కాయ కోసి తెచ్చి నా ఒళ్లో పెట్టి, "నువ్వు పారేసుకున్నది. దొరికింది, తీసుకో" అన్నారు.

ఆ తర్వాత రోజూ ఏదో ఒక పని ఉండేది. చిక్కుడుగింజలు నాటడం, బెండగింజలు పెట్టడం. బంతిపూలు ఎండితే రేకులు విదిలించి విత్తనం తీయడం. కనకాంబరాలు కోయడం. గింజ చిన్నదయ్యే కొద్దీ నాకు కష్టమయ్యేది, ఆవిడకు కనపడేది కాదు. "ఎక్కడుంది?" అని ఆవిడ అడిగితే నేను చూపించేదాన్ని. నేను జారవిడిస్తే ఆవిడ మట్టి కప్పేవారు. ఇద్దరం కలిస్తే ఒక మనిషి పని జరిగేది. కానీ జరిగేది.

ఆ వేసవిలోనే గాలివాన వచ్చింది. తోటల్లో కాయ కోతకు వచ్చిన రోజులు. మధ్యాహ్నం ఉన్నట్టుండి చీకటి పడి, అరగంటలో అంతా అయిపోయింది. బాబాయిగారు తోట నుంచి తడిసిన చొక్కాతోనే వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. కొమ్మకు కాయ నిలవలేదన్నారు. పిన్నిగారు తువ్వాలు ఇచ్చారు, మజ్జిగ ఇచ్చారు, పక్కన కూర్చున్నారు.

మర్నాడు పొద్దున నన్ను పిలిచారు. పెరట్లో పందిరి కూడా కూలిపోయింది. బీరతీగలు బురదలో పడున్నాయి. "రా, పందిరి లేపుదాం" అన్నారు.

మెట్ల మీంచి బాబాయిగారు కసిరారు. ఆయన కసరడం నేనెప్పుడూ వినలేదు. "తోటే పోయిందంటే నీకీ పందిరి గోలేంటే?"

పిన్నిగారు తీగను బురదలోంచి తీస్తూనే నెమ్మదిగా అన్నారు. "రాలిన కాయ కొమ్మెక్కదండీ. జారిన తీగ ఎక్కుద్ది. ఎక్కేదాన్నన్నా ఎక్కిద్దాం."

పాత చీర చింపి పీలికలు నాకు ఇచ్చారు. ఆవిడ తీగను కర్రకు ఆనించి పట్టుకుంటే నేను కట్టాలి. ఎడమచేత్తో ఒక కొస పట్టుకుని, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కూడదీసి రెండో కొస లాగాను. ముడి పడింది. వదులు ముడే, కానీ ముడి. పిన్నిగారి వైపు చూశాను. ఆవిడ చూడనట్టే ఇంకో పీలిక అందించారు. నేను మూడో ముడి వేస్తున్నప్పుడో నాలుగోది వేస్తున్నప్పుడో బాబాయిగారు లేచొచ్చి, మధ్యగుంజ ఎత్తి భుజం ఆనించారు. ఆ మధ్యాహ్నం రాలిన కాయలు ఏరడానికి తోటకు వచ్చిన కూలీలకు పిన్నిగారే వండి పంపారు. రాలిన మామిడికాయతో పప్పు, బతికిన బీరకాయలతో పచ్చడి.

ఆమధ్య ఒకసారి ఆవిణ్ణి అడిగాను. "పిన్నిగారూ, నిజం చెప్పండి. నా చెయ్యి బాగవ్వాలనే కదా ఆ రోజు పిలిచారు?"

"అంత తెలివి నాకెక్కడిదే! కళ్లు కనపడక మనిషి కావాల్సొచ్చింది, పిలిచాను" అన్నారు. చేతుల మట్టి దులుపుకుంటూ, "మీ ఇంట్లో మిషను చప్పుడు వినపడకపోతే నాకు తోచేది కాదనుకో" అన్నారు. ఏది నిజమో నాకిప్పటికీ తెలీదు. రెండూ అయ్యుంటాయి.

ఆ ఏడు వానలు పడ్డాక తోటకూర చల్లే రోజు వచ్చింది. ఆవగింజ కంటే చిన్నవి, నల్లగా మెరుస్తుంటాయి. చిటికెడు తీసుకుని ఇసుకలో కలపమన్నారు. తీసుకున్నాను. వేళ్ల మధ్య గరగరలాడాయి. అప్పుడుగానీ గమనించలేదు, అవి నా వేళ్లకు తెలుస్తున్నాయి. చల్లడం అయ్యాక ఇంటికొచ్చి మిషను మీది దుప్పటి తీశాను. సూదిలో దారం ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. ఎక్కింది.

మొదట పిన్నిగారికే జాకెట్టు కుట్టాను. ఒక చెయ్యి బిగుతుగా, రెండోది వదులుగా వచ్చింది. విప్పి మళ్లీ కుడతానంటే ఇవ్వలేదు. "వదులు చేతిలోకి గాలాడుద్ది. ఎండాకాలానికి బావుంటది" అన్నారు. పెళ్లిళ్లకి కూడా అదే తొడుక్కెళ్లారు. అడిగిన వాళ్లందరికీ "మా అమ్మాయి కుట్టింది" అని చెప్పుకున్నారు.

తర్వాత ఆవిడ కళ్లకు ఆపరేషన్ జరిగింది, నా చేతికి పని దొరికింది. మా ఇద్దరికీ ఒకరితో ఒకరికి అవసరం తీరిపోయింది. అయినా రోజూ కాసేపు ఆ పెరట్లో కూర్చోవడం మానలేదు. నా వేళ్లు ఇప్పటికీ చలికాలంలో మొండికేస్తాయి. అప్పుడు లేచి వెళ్లి ఏదో ఒక గింజ చేతిలోకి తీసుకుంటాను. వైద్యం చేసిన వాళ్లకు నా నమస్కారం. కానీ ఈ చేత్తో నేను తినే ప్రతి ముద్దలోనూ పిన్నిగారికి వాటా ఉంది. అది నేనెవరికి చెల్లించాలో తెలియదు, అందుకే ఇలా చెప్పుకుంటున్నాను.

చింతలపూడి వెళ్లే ముందు ఇద్దరం కలిసి వంగనారు పోశాం. "నేనొచ్చేసరికి జానెడు లేచుద్ది" అన్నారు. ఆవిడ రాలేదు, నారు లేచింది. పెదకర్మ అయిపోయి చుట్టాలందరూ వెళ్లాక, బాబాయిగారు లోపల పడుకుని ఉంటే నేను నీళ్లు పోద్దామని వెళ్లాను. గేటు ముందు ఒక స్కూటర్ ఆగింది. వెనకాల కూర్చున్న అమ్మాయి దిగి లోపలికి తొంగి చూసింది.

"పిన్నిగారు లేరాండీ? ముసునూరు బస్సులో కలిశారు. వానలు పడ్డాక వస్తే వంగనారు ఇస్తానన్నారు."

చెప్పాను. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "అయ్యో, ఒక్కసారేనండీ చూసింది. బస్సు దిగేదాకా మొక్కల గురించే చెప్పారు" అంది. వెనక్కి తిరగబోయి ఆగింది. అడగాలని ఉంది, అడగలేకపోతోంది.

"ఉండమ్మా" అన్నాను. మడి ముందు కూర్చుని, వేళ్లు మట్టిలోకి దించి, వేర్లు తెగకుండా ఒక్కొక్కటే తీశాను. తడి గోనెగుడ్డలో చుట్టి చేతికిచ్చాను. వాళ్లాయన స్కూటర్ స్టార్ట్ చేశాడు. అప్పుడే సన్నగా చినుకు మొదలైంది. ఆ అమ్మాయి నారుకట్టను గుండెలకు ఆనించుకుని, గాలికి ఆకులు నలక్కుండా పైటకొంగు అడ్డం పెట్టింది. స్కూటర్ గుంటలు తప్పించుకుంటూ నెమ్మదిగా ముసునూరు రోడ్డు వైపు మళ్లింది. కొంగు అంచు మీంచి లేత ఆకులు కొద్దిగా బయటికొచ్చి, మలుపు తిరిగేదాకా తడుస్తూ ఊగుతూనే ఉన్నాయి.