పొయ్యి కింద పలక ముక్క

మారండహళ్ళి చేరగానే నన్ను బడిలో వేసి చదివిస్తానని మా మేనమామ ఇచ్చి తప్పిన మాట నిన్న మళ్ళీ గుర్తుకొచ్చింది. ధర్మపురి బస్టాండు దగ్గర ఒక వ్యాను ఆగింది. ఇల్లు వదిలేసి, పిల్లలతో ఊళ్ళు తిరుగుతూనే బతికే కుటుంబం. బడి సంగతి అడిగితే, "రోడ్డే వీళ్ళ బడి, తాతా" అని తల్లి నవ్వింది. వెనక కూర్చున్న పిల్ల నవ్వలేదు.

మందల వెంట పెరిగిన నా ఈడువాళ్ళకు గుర్తుందా? ఎరువు కోసం రైతు చేలో నాలుగు రోజులు గొర్రెలను నిలిపి, ఐదో పొద్దున ఇంకో ఊరికి కదలడం? తడిసిన ఉన్ని వాసన, గంపలో గొర్రెపిల్లలు, గాడిద మీద మూటల్లో నా పలక.

మారండహళ్ళి బడిలో అయ్యవారు నా పేరు రాసుకున్నాడు. ఐదో పొద్దున మామ వచ్చి చెయ్యి పట్టి లాగాడు.

"గొర్రెపిల్లల్ని ఎవురు మోస్తార్రా, మీ అయ్యవారా?"

"నువ్వు మాట ఇచ్చినావు కదా మామా!"

"వచ్చే ఊర్లో వేస్తాలే, నడువు."

దారిలో పలక పగిలింది. పెద్ద ముక్కను అమ్మ పొయ్యిరాయి కదలకుండా కింద పెట్టింది.

ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకుని, దొరికిందల్లా చదివాను. చదువు రాని మా నాయనను ఏమీ అనను. మా మంద వెంట తిరిగేవాళ్ళలో చదవడం వచ్చినవాడు ఒక్కడే ఉండేవాడు. బస్సు బోర్డులు చదివి మాకు దారి చెప్పేవాడు. ఈనాటికీ నా కోపం ఆయన మీదే, మా మేనమామ నాగప్ప మీదే.